కంటికి ఆనని కాపురం

ఏవండోయ్, ఒక్కసారి ఇలా గోడ దగ్గరికి రండి. పొయ్యి మీద ఏదైనా ఉంటే దింపేసే రండి. కబురు కాస్త పెద్దది, మధ్యలో వదిలేసి వెళ్తే నేనూరుకోను.

మీ తోటలో గట్టు పక్కనున్న బంగినపల్లి చెట్టు ఆకులు ఈమధ్య ఎప్పుడైనా పరీక్షగా చూశారా? నల్లటి మచ్చలున్నాయి. గుండ్రంగా లేవు, ఈనె దగ్గరికొచ్చి టక్కున ఆగిపోయి మూలలు తేలి ఉన్నాయి. చుట్టూ సన్నటి పసుపు అంచు. వేలితో తడిమితే కాస్త ఎత్తుగా తగులుతాయి. అదే కాయ మీదికొచ్చిందంటే మచ్చ నక్షత్రంలా పగిలి జిగురు కారుతుంది.

తెగులనగానే మీరు బూడిద తెగులా, పక్షికన్నా అంటారు. తేనెమంచు పురుగైతే చెప్పనే అక్కర్లేదు, పూత మీద చెయ్యి పెట్టగానే పట్టేస్తారు. జి. కొండూరు నుంచి మైలవరం, రెడ్డిగూడెం, ఆగిరిపల్లి, నూజివీడు దాకా మామిడి గురించి ఒకరికొకరు పాఠం చెప్పుకోనక్కర్లేని జనం మనం. కానీ ఇది బూజు కాదండీ. పురుగూ కాదు. బాక్టీరియా! పేరు పలకాలంటే నోరు కాస్త సాగదీయాలి: క్సాంథోమోనాస్ సిట్రి. అందులోనూ మామిడినే ఏరుకుని పట్టే రకం. 1948లో మన దేశపు శాస్త్రవేత్తలు పటేల్, మోనిజ్, కులకర్ణి దీన్ని వర్ణించి పేరు పెట్టారు. తర్వాతి వాళ్ళు దీని చుట్టరికాలన్నీ సరిచూసి ఇంటిపేరు మార్చారనుకోండి, అది వేరే సంగతి.

మందేంటని అడుగుతారు, నాకు తెలుసు. మచ్చలున్న రెమ్మలు కత్తిరించి కాల్చెయ్యండి. రాగి మందు కొట్టండి. మోతాదు సంగతి నూజివీడు మామిడి పరిశోధనా స్థానం వాళ్ళని అడగండి. గాలివాన వచ్చినప్పుడు చినుకుల్తోపాటు చెట్టు నుంచి చెట్టుకి పాకుతుంది కాబట్టి, తోట చుట్టూ గాలికి అడ్డంగా చెట్లుంటే మేలు. అయిపోయింది వ్యవసాయం. ఇక నా సరదా నన్ను చెప్పుకోనివ్వండి.

ఆ మచ్చలో ఎవరున్నారో, వాళ్ళ ఒంట్లో ఏమేం ఉన్నాయో, అదండీ నా సరదా.

ముందు సైజు. మిల్లీమీటరుని వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మైక్రాన్. మన మచ్చ బాక్టీరియా ఒకటిన్నర, రెండు మైక్రాన్ల పొడుగు. లావైతే అర మైక్రానే. చిన్న పుల్లలాంటి ఆకారం. మిల్లీమీటరు మచ్చలో ఈ చివర నుంచి ఆ చివరకి వరసగా పడుకోబెడితే ఓ అయిదారొందల మంది పడతారు. అడ్డంగా, నిలువుగా, లోతుగా లెక్కేసుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. నాకైతే తల తిరిగింది, ఆనందంతోనే!

ఒక్క కణమండీ, అంతే. మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలు పని పంచుకుంటున్నాయి. చూసేవి కొన్ని, అరిగించేవి కొన్ని, ఆలోచించేవి కొన్ని. దీనికి ఆ వాటాల్లేవు. తినడం, కదలడం, దిక్కు చూసుకోవడం, పిల్లల్ని కనడం, పొరుగువాణ్ణి పొడవడం, అన్నీ ఆ ఒక్క కణమే చెయ్యాలి. చేస్తుంది కూడాను. ఎలా అన్నదే కబురు.

పైనుంచి మొదలెడదాం. అన్నిటికన్నా బయట ఒక జిగురు పొర. చక్కెర అణువుల్ని పొడుగ్గా అల్లి చేసిన జిగురు. ఎండకి ఎండిపోకుండా, ఆకుని అంటిపెట్టుకుని ఉండడానికి పనికొస్తుంది. సాయంత్రం సెంటర్లో పునుగులు తింటూ టమాటా సాస్ ప్యాకెట్ చింపుతారు కదా, ఈసారి చింపేముందు వెనక సన్నక్షరాలు చదవండి. 415 అనే నంబరు కనపడితే అది క్సాంథాన్ గమ్. ఎవరి జిగురనుకున్నారు? మన మచ్చ బాక్టీరియాకి దగ్గర చుట్టం, క్యాబేజీకి నల్లకుళ్ళు తెచ్చే క్సాంథోమోనాస్ క్యాంపెస్ట్రిస్‌ది! అమెరికాలో పియోరియా అనే ఊళ్ళోని వ్యవసాయ పరిశోధనశాలలో అలీన్ జీన్స్ అనే ఆవిడ, ఆవిడ జట్టు దీన్ని బయటికి తీశారు. 1969లో అక్కడి ప్రభుత్వం తినే పదార్థాల్లో వాడుకోవచ్చంది. అప్పట్నుంచీ సాసుల్లో, ఐస్‌క్రీముల్లో, ఎక్కడ నీళ్ళు విడిపోకూడదో అక్కడల్లా ఇదే. మీ మొహం అలా పెట్టకండి. శుద్ధి చేసిన జిగురే వస్తుంది, బాక్టీరియా రాదు. ఒకే ఇంటివాళ్ళలో ఒకరు తోట పాడుచేస్తే ఇంకొకరు సాస్ చిక్కబెడుతున్నారు. మన ఇళ్ళల్లో లేరూ అలాంటి అన్నదమ్ములు?

జిగురు దాటాక తోక. పుస్తకాల్లో కశాభం అంటారు. మన మచ్చ బాక్టీరియాకి ఒక చివర ఒక్కటే ఉంటుంది. చేప తోక ఊపుతుంది కదా, ఇది ఊపదు. గిర్రున తిప్పుతుంది! తోక మొదట్లో, ఒంటి పొరల్లో, నిజంగానే తిరిగే మోటారుంది. ఇరుసు ఉంది, చుట్టూ కదలని రింగు ఉంది. బయటి నుంచి లోపలికి ప్రోటాన్లు జారుతుంటే ఆ ఊపుకి తిరుగుతుంది. మన పేగుల్లో ఉండే ఇ. కోలై అనే బాక్టీరియా తోకలు సెకనుకి వందసార్లకి పైగా తిరుగుతాయి. బాక్టీరియా తోకలు తిప్పి ఈదుతాయని హోవర్డ్ బెర్గ్, ఆయన తోటి శాస్త్రవేత్త 1973లో చెబితే జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. చక్రం మనిషే కనిపెట్టాడని అప్పటిదాకా ఎంత ధీమాగా ఉన్నామో చూడండి.

ఇంకో తమాషా వినండి. ఆ ఇ. కోలై ఒకవైపుకి తిప్పితే తోకలన్నీ ఒక జడగా కలిసి ముందుకి ఈదుతుంది. తిప్పుడు మార్చితే జడ విడిపోయి ఉన్నచోటే దొర్లుతుంది. మళ్ళీ ఇంకో దిక్కుకి ఈత. తిండి వాసన పెరుగుతుంటే దొర్లడం తగ్గిస్తుంది, తగ్గుతుంటే ఎక్కువ దొర్లుతుంది. బుర్ర లేదు, మెదడు లేదు. అయినా తిండి దగ్గరికి చేరుతుంది.

తోక సంగతి చెప్పి సూది సంగతి చెప్పకపోతే పాపం. చాలా క్సాంథోమోనాస్‌లకి ఒంట్లోంచి బయటికి పొడుచుకొచ్చే సన్నటి సూది ఉంది. దీని మొదలు, తోక మోటారు మొదలు చూస్తే ఒకే పూర్వీకుల పోలిక. ఆకు కణానికి ఆ సూది ఆనించి తన ప్రోటీన్లని నేరుగా లోపలికి ఎక్కిస్తుంది. వాటిలో కొన్ని ఆకు కణం కేంద్రకంలోకి వెళ్ళి, మొక్క డీఎన్ఏ అక్షరాల్ని వరసగా గుర్తుపట్టి, బాక్టీరియాకి కావలసిన జన్యువునే మేల్కొలుపుతాయి. ఏ ప్రోటీన్ ముక్క ఏ అక్షరాన్ని పట్టుకుంటుందో 2009లో తేలింది. అది తెలిసేసరికి మనవాళ్ళు ఊరుకున్నారా? అదే కిటుకుతో జన్యువుల్ని కత్తిరించే పనిముట్టు చేశారు. 2015లో లండన్‌లో రక్తక్యాన్సర్‌తో ఉన్న ఏడాది పసిపిల్లకి, ఆ పనిముట్టుతో మార్చిన కణాలు ఎక్కించి చికిత్స చేశారు. మొక్కల్ని పొడిచే వంశం నేర్పిన విద్య ఒక పాపాయికి పనికొచ్చింది. ఇది విన్నాక కూడా ఆ నల్లమచ్చ మీద మీకు కాస్త గౌరవం కలగకపోతే నాకు కోపమొస్తుంది సుమండీ.

సరే, తోకా సూదీ పక్కన పెట్టి ఒంటి మీదికొద్దాం. బయట ఒక పొర, లోపల ఒక పొర, రెంటికీ మధ్య గోడ. పుస్తకాల్లో కణకవచం అనేది ఆ గోడనే. దాని గురించి ఇప్పుడు చెప్పను. ఈ కబురుకంతటికీ అదే గుండెకాయ. కాసేపు ఆగండి.

కానీ రెండు పొరల సంగతి ఇప్పుడే చెప్పాలి. ఎందుకంటే బాక్టీరియాలన్నీ ఇలా ఉండవు. 1884లో డెన్మార్క్ డాక్టరు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బెర్లిన్‌లో, న్యుమోనియాతో చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తుల ముక్కల్లో బాక్టీరియాని వెతుకుతూ ఒక రంగు పద్ధతి కనిపెట్టారు. వంకాయరంగు వేసి, అయోడిన్ పోసి, ఆల్కహాల్‌తో కడిగితే కొన్నిటికి రంగు నిలుస్తుంది, కొన్నిటికి పోతుంది. పోయినవాటికి తర్వాత గులాబీరంగు వేస్తారు. గోడ మందంగా ఉండి బయటి పొర లేనివి వంకాయరంగులో మిగులుతాయి. గోడ పల్చగా ఉండి పైన ఇంకో పొర ఉన్నవి గులాబీకి మారతాయి. నూట నలభై ఏళ్ళు గడిచాయి, లోకంలో ఎన్ని యంత్రాలొచ్చాయి! ఈరోజుకీ ల్యాబుల్లో కొత్త బాక్టీరియా ఎదురైతే ముందు అడిగేది అదే: గ్రామ్ పాజిటివా, నెగెటివా?

మన మామిడి మచ్చది గులాబీ జట్టు. మీ పెరుగుదో? వంకాయ జట్టు. ఇడ్లీ పిండిని పొంగించే ల్యూకనాస్టాక్ కూడా వంకాయే. అంటే తెల్లారగానే మీ ఇంట్లో ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం, రెండూ మందగోడల వాళ్ళ చలవే. పళ్ళెంలో పెట్టుకుని తింటున్నారు, ఒక్కరోజన్నా వాళ్ళని పలకరించారా?

ఇక లోపలి పొర. త్వచం అంటారు. కొవ్వు అణువులు రెండు వరసలుగా నిలబడ్డ పల్చటి పొర. ఏది లోపలికి రావాలి, ఏది బయటికి పోవాలి, అంతా దీని ఇష్టమే. మనకి ఊపిరితిత్తులు, కణాల్లోని మైటోకాండ్రియాలు కలిసి చేసే శక్తి పనంతా బాక్టీరియాకి ఈ పొర మీదే జరుగుతుంది. నీళ్ళు మాత్రం ఇందులోంచి సులువుగా అటూ ఇటూ పోతాయి. ఇక్కడే మన ఆవకాయ మహత్యం ఉంది. ఉప్పు దిట్టంగా పడిన జాడీలోకి బాక్టీరియా వస్తే, దాని ఒంట్లోని నీళ్ళు త్వచంలోంచి ఉప్పు వైపుకి లాగేయబడతాయి. త్వచం ముడుచుకుని గోడ నుంచి విడిపోతుంది. ఇక పెరగడమెక్కడ? దానికి తోడు మామిడి పులుపు, ఆవఘాటు, పైన తేలిన నూనె. తెల్లగులాబీ కాయలు తెచ్చి, తడి లేకుండా తుడిచి, ముక్క కొట్టి, ఉప్పు తక్కువ కాకుండా కలిపే మన ఆడవాళ్ళు త్వచాన్ని సూక్ష్మదర్శినిలో చూసినవాళ్ళు కారు. కానీ దాని గుట్టు వాళ్ళ చేతికి తెలుసు. ఉప్పు తగ్గించమని అడ్డుపడే కోడళ్ళకి ఇది చెప్పండి. అత్తగార్లు నన్ను మెచ్చుకుంటారు.

లోపలికి వెళ్దాం రండి. చెప్పులు విప్పక్కర్లేదు.

లోపల గదుల్లేవు. కేంద్రకం లేదు. మన కణాల్లో డీఎన్ఏ ఒక పొర చాటున దాక్కుని ఉంటుంది. ఇక్కడ ఆ చాటు లేదు. ఇ. కోలైలో సుమారు 46 లక్షల జతల అక్షరాలున్న ఒకే ఒక్క డీఎన్ఏ దారం, రెండు చివరలూ కలిసిన పెద్ద ఉంగరంగా ఉంటుంది. సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటరు. ఉన్న ఇల్లేమో రెండు మైక్రాన్లు! తన పొడుగుకి ఏడెనిమిది వందల రెట్లున్న దారాన్ని మెలి తిప్పి, మళ్ళీ మెలి తిప్పి లోపల సర్దుకుంది. చిక్కు పడదు. పైగా ఒక పక్క చదువుతుంటారు, ఇంకో పక్క నకలు రాస్తుంటారు. ఆ పెద్ద ఉంగరం కాక చిన్న చిన్న ఉంగరాలు, ప్లాస్మిడ్లు, కూడా కొన్నిట్లో ఉంటాయి. మందులకి లొంగకుండా ఉండే విద్య చాలాసార్లు వీటిల్లోనే రాసి ఉంటుంది. ఒక బాక్టీరియా ఇంకోదానికి దాన్ని అప్పుగా కాదు, ఏకంగా ఇచ్చేస్తుంది. అందుకే డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మధ్యలో ఆపొద్దని, రాయనిది కొనొద్దని అంత గట్టిగా చెప్పేది.

దారం చుట్టూ ఖాళీ ఉందనుకుంటున్నారా? లేదు. రైబోసోములు! చురుగ్గా పెరిగే ఇ. కోలైలో పదివేలకి పైనే ఉంటాయి. డీఎన్ఏ నుంచి వచ్చిన కబురు చదివి ప్రోటీన్లు అల్లడమే వీటి పని. ఇక్కడ మన భీమవరం అబ్బాయి గురించి చెప్పకుండా ముందుకి వెళ్తే తప్పు. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన అంతటికీ పెద్దగా ఉన్నారు. ఆయన పెద్దరికంలో ఉన్న ఆ ప్రయోగశాలలోనే బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని ఒక బాక్టీరియా నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో లోకానికి చెప్పారు. టెట్రాసైక్లిన్ల వరసలో అదే మొదటిది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఆ మందు చేసేదేంటో తెలుసా? బాక్టీరియా రైబోసోములో చిన్న భాగానికి అంటుకుని, ప్రోటీన్ అల్లడానికి తెచ్చే ముడిసరుకుని లోపలికి రానివ్వదు. పని ఆగిపోతుంది. మన రైబోసోములు వేరే రకం కాబట్టి మనం తట్టుకుంటాం. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారి బృందం 2000లో ఆ చిన్న భాగం రూపమంతా అణువు అణువూ గీసి, టెట్రాసైక్లిన్ ఎక్కడ అంటుకుందో కూడా చూపించింది. 2009లో నోబెల్ పంచుకున్నారు. సుబ్బారావు గారి ప్రయోగశాల మందు తీసింది, రామకృష్ణన్ గారి ప్రయోగశాల దాని చోటు చూపించింది. మధ్యలో యాభై రెండేళ్ళు. నాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు.

మైటోకాండ్రియా మాట ఇందాక వచ్చింది కదా. బాక్టీరియాలో అవి లేవు. ఉండవు కూడా, ఎందుకంటే అవే ఒకప్పుడు బాక్టీరియా! కోట్ల ఏళ్ళ కిందట ఇంకో కణంలోకి చేరి అక్కడే ఉండిపోయాయి. 1967లో లిన్ మార్గులిస్ అనే ఆవిడ గట్టిగా వాదించారు, తర్వాత లోకం ఒప్పుకుంది. మీ ఒంట్లో, నా ఒంట్లో, ఆ మామిడి ఆకులో కూడా వాళ్ళే. ఇల్లరికం వచ్చినవాళ్ళు ఇంటికే ఆధారమైపోయారు.

కొందరికి ప్రత్యేకం వస్తువులు ఉంటాయి. 1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ బురదలో బతికే బాక్టీరియాని చూస్తే అవన్నీ ఒకే దిక్కుకి ఈదుతున్నాయి. లోపల చూస్తే సన్నటి అయస్కాంతపు గింజలు వరసగా పేర్చి ఉన్నాయి. భూమి అయస్కాంతాన్ని పట్టుకుని దారి చూసుకుంటున్నాయన్నమాట. ఇంకొన్నిటికి గడ్డు రోజులొస్తే సిద్ధబీజం చేసుకునే విద్య ఉంది. డీఎన్ఏని గట్టి పొరల్లో చుట్టేసి, నీళ్ళు దాదాపు వదిలించేసి, మంచి రోజుల కోసం పడుకుంటుంది. మరిగే నీళ్ళకీ చావదు, 121 డిగ్రీల ఆవిరి కావాలి. మరి మన తోతాపురి గుజ్జు డబ్బాలు అంత వేడి లేకుండానే ఎలా నిలవుంటాయని అడగరే? పులుపండీ పులుపు! అంత పులుపులో పడుకున్న బీజం నిద్ర లేవదు. మామిడి మనకి ఎన్ని విధాల మేలు చేస్తోందో చూశారా?

కంటికి ఆనవు అన్నాను కదా, ఆనేవాడొకడున్నాడు. 2022లో కరీబియన్ దీవుల్లో గ్వాడలూప్ మడ అడవుల్లో, నీళ్ళలో కుళ్ళే ఆకుల మీద సెంటీమీటరు పొడుగున్న బాక్టీరియాని వర్ణించారు. థయోమార్గరిటా మాగ్నిఫికా. కనురెప్ప వెంట్రుకంత! ఒకే కణం. అది కూడా ఆకు మీదే దొరికింది, గమనించారా?

ఇక గోడ. దాచిపెట్టానన్నాను కదా.

బాక్టీరియా లోపల ఉప్పులు, చక్కెరలు, ప్రోటీన్లు కిక్కిరిసి ఉంటాయి. దాంతో బయటి నీళ్ళు లోపలికి తోసుకొస్తూనే ఉంటాయి. లోపలి ఒత్తిడికి ఆ కొవ్వు పొర ఒక్కటే అయితే క్షణంలో ఫట్టుమంటుంది. పగలకుండా పట్టుకునేదే గోడ. పెప్టిడోగ్లైకాన్ అంటారు. చక్కెర దారాలు అడ్డంగా, వాటిని కలుపుతూ చిన్నచిన్న ప్రోటీన్ ముడులు. కాయ కోసే కర్రకి కట్టే చిక్కం ఉంది చూడండి, సరిగ్గా అదే. కణమంతటినీ చుట్టి, అతుకు లేకుండా, మొత్తం కలిపి ఒకే ఒక్క అణువు! ఆ చిక్కమే పుల్లకి పుల్ల ఆకారమిస్తుంది, గుండుకి గుండు ఆకారమిస్తుంది.

దీన్ని తెంపడం మన ఒంటికి తెలుసు. మన కన్నీళ్ళలో, ఉమ్మిలో, కోడిగుడ్డు తెల్లసొనలో లైసోజైమ్ ఉంది. ఆ చక్కెర దారాల్ని కొరికేస్తుంది. 1922లో దాన్ని లోకానికి చెప్పింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్. ఆరేళ్ళ తర్వాత, 1928లో, అదే ఫ్లెమింగ్ పెన్సిలిన్ చూశారు. పెన్సిలిన్ చక్కెర దారాల జోలికి పోదు, కొత్త ముడులు పడకుండా ఆపుతుంది. ఒకే మనిషి, ఒకే చిక్కం, రెండు దెబ్బలు. చిక్కమే లేని మైకోప్లాస్మా లాంటి బాక్టీరియాల మీద పెన్సిలిన్ పనిచెయ్యకపోవడానికి కారణం కూడా ఇదే. వేయని ముడిని ఆపేదేముంది?

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఇ. కోలై అన్నీ బాగుంటే ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. రెండవ్వాలంటే ముందు పెరగాలి. పెరగాలంటే చిక్కం పెద్దదవ్వాలి. లోపల కాయలు కిక్కిరిసి తోస్తున్నాయి, ఒక్క కాయ కింద పడకూడదు, కర్ర దించకూడదు, అయినా చిక్కం రెట్టింపు కావాలి. ఎలాగండీ? మీరైతే ఏం చేస్తారు?

జవాబు మన హైదరాబాదులోనే దొరికింది. తార్నాక దగ్గర సీసీఎంబీ అనే పరిశోధనశాల ఉంది కదా, అక్కడ మంజులా రెడ్డి గారు, ఆవిడ విద్యార్థులు ఇ. కోలై గోడ పట్టుకుని కూర్చున్నారు. కొత్త దారం చేరాలంటే ముందు పాత ముడి విప్పాలి కదా, మరి విప్పేదెవరు? 2012లో వాళ్ళు ఆ ముడులు కోసే మూడు ఎంజైముల్ని చూపించారు. మెప్‌ఎస్, మెప్‌ఎం, మెప్‌హెచ్. ఒక్కొక్కటీ తీసేస్తే బాక్టీరియా ఎలాగో నెట్టుకొస్తుంది, ఒకటి లేకపోతే ఇంకోటి పని అందుకుంటుంది. మూడూ తీసేస్తే? పెరగలేదు. కొత్త దారం లోపలికి చేరదు, కణం పగిలిపోతుంది. అంతకుముందు లోకమంతా ముడి వేసేవాళ్ళ వెంట పడింది, పెన్సిలిన్ అటే చూపించింది కాబట్టి. వీళ్ళు ముడి కోసేవాళ్ళని పట్టుకున్నారు.

అక్కడితో ఆగలేదు. ముడులు కోసేవి మరీ ఎక్కువైతే? ఉన్న చిక్కం ఊడిపోతుంది. అందుకని 2015లో ఇంకో గుట్టు విప్పారు. మెప్‌ఎస్ పుట్టిన కాసేపటికే దాన్ని పట్టుకొచ్చి తునకలు చేసే జంట ఇంకోటి ఉంది. కోసేదాన్ని కోసేవాళ్ళన్నమాట! ఎంత కావాలో అంతే కోత, ఎప్పుడు కావాలో అప్పుడే. 2019లో ఇన్ఫోసిస్ ప్రైజ్, జీవశాస్త్రాల్లో, మంజులా రెడ్డి గారికి వచ్చింది. బాక్టీరియా గోడ మీద పనికే. క్రికెట్ కప్పు గెలిస్తే బాణాసంచా కాల్చాం కదా, దీనికి ఎవరైనా కనీసం చిచ్చుబుడ్డి వెలిగించారా? నాకిది ఎప్పటికీ తీరని ఫిర్యాదు.

ఇందులో ఊరికే ముచ్చట కాకుండా పెద్ద లాభం కూడా ఉంది. పాత మందులకి బాక్టీరియా అలవాటుపడిపోతోంది. ముడి వెయ్యడాన్ని ఆపే మందులు మన దగ్గరున్నాయి. ముడి కొయ్యడాన్ని ఆపగలిగితే? బాక్టీరియా పెరగడానికి ఆ కోత ఎంత అవసరమో తెలిసింది కాబట్టి, దాని మీద గురిపెట్టే కొత్త మందులకి దారి కనపడింది. గోడ ఎలా నిలబడుతుందో మాత్రమే చూసినంతకాలం ఈ దారి లేదు. గోడ ఎలా పెరుగుతుందని అడిగాక తెరుచుకుంది. నేనింతసేపు మిమ్మల్ని నిలబెట్టింది ఈ మాట కోసమే. బతికున్న గోడకి కట్టడమొక్కటే చాలదు, విప్పడం కూడా రావాలి. బాక్టీరియాలో ఏ ముక్క తీసుకున్నా ఊరికే పడి ఉన్నది లేదు, ప్రతిదీ పనిలో ఉంది.

చాలాసేపైంది కదూ? వెళ్ళండి, కానీ ఒక్క పని ఒప్పుకుని వెళ్ళండి. మీ పిల్లల హైస్కూల్లో సూక్ష్మదర్శిని ఉంటే సైన్సు మాస్టారిని అడిగి బీరువాలోంచి తీయించండి. దుమ్ము పట్టి ఉంటే తుడవండి. ఇంట్లో పెరుగు మీద తేరిన తేట ఒక్క చుక్క చాలు. గాజు పలక మీద పల్చగా పూసి ఆరనివ్వండి. మంట మీదుగా రెండుసార్లు పోనివ్వండి. మిథిలీన్ బ్లూ ఒక చుక్క వేసి, నిమిషం ఆగి, నీళ్ళతో కడిగెయ్యండి. నూనె చుక్క వేసి చూసే వంద రెట్ల కటకం ఉంటే అది తిప్పండి. ముందు పిల్లల్ని చూడనివ్వాలి, మీరు తోసుకుని ముందుకెళ్ళకండి. నీలంగా కనపడతాయి, కొన్ని పూసలు గుచ్చినట్టు గొలుసులుగా, కొన్ని పుల్లలుగా.

మీ ఇంటి పెరుగులో పూసలెక్కువా, పుల్లలెక్కువా? రేపు వచ్చి చెప్పాలి. మా ఇంటి పెరుగుతో పోల్చి చూద్దాం.